నోటి తడిలో మన బెంగ



భయం వేస్తే నోరు ఎండిపోతుందని మనకెవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కర్లేదు. పిల్లవాడు బడినుంచి వేళకి ఇల్లు చేరకపోయినా, ఆస్పత్రి వరండాలో రిపోర్టు కోసం కూచున్నా, మొట్టమొదట నాలుక పిడచగట్టుకుపోతుంది. ఈ సంగతి మన పూర్వులకీ తెలుసు. ధర్మశాస్త్రాలలో నేరవిచారణకు చెప్పిన దివ్యాలలో ‘తండుల దివ్యం’ అని ఒకటి వుంది. దొంగతనం చేశాడని అనుమానం వున్నవాడిచేత బియ్యం నమిలించి ఉమ్మించేవారు. ఉమ్మిలో నెత్తురు కనబడినా, ఒళ్ళు వణికినా వాడే దోషి అని తేల్చేవారు. పాపం, ఏ తప్పూ చెయ్యకపోయినా నలుగురి మధ్య నిలబెట్టి బియ్యం నమలమంటే ఎవరికి వణుకు రాదు చెప్పండి? పిరికివాడికీ దొంగకీ తేడా ఆ బియ్యపుగింజలకి తెలియదు కదా!

ఈ రోజుల్లో శాస్త్రజ్ఞులు కూడా నోట్లో ఊరే నీటిని, అంటే లాలాజలాన్ని తీసుకుని మనిషి పడుతున్న ఒత్తిడిని కొలుస్తున్నారు. నేరం తేల్చడానికి కాదు, ఆరోగ్యం తెలుసుకోవడానికి. వాళ్ళు చూసేది తడి వుందా లేదా అని కాదు. ఆ తడిలో కార్టిసాల్ అనే హార్మోను ఎంత వుందా అని. ఆ పరీక్ష ఏమిటి, దానివల్ల ఆడవాళ్ళ బతుకుల గురించి ఏం తెలిసింది, దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నవి ఈవేళ చెప్పుకుందాం.

మన రెండు మూత్రపిండాల మీదా చిన్న టోపీల్లాగా రెండు గ్రంథులు కూచుని వుంటాయి. అధివృక్క గ్రంథులంటారు. డాక్టర్లు ఎడ్రినల్స్ అంటారు. కార్టిసాల్ అక్కడ తయారవుతుంది. ఏదైనా ఆపద వచ్చిందని మెదడు గ్రహించగానే కబురు పంపుతుంది, ఈ గ్రంథులు కార్టిసాల్‌ని రక్తంలోకి వదులుతాయి. అది రక్తంలో చక్కెరను పెంచి శక్తి అందిస్తుంది, రక్తపోటు పడిపోకుండా చూస్తుంది, వాపుని అణుస్తుంది. కాబట్టి కార్టిసాల్‌ని శత్రువు అనుకోకండి. అది లేకపోతే మనం బతకలేం. చుట్టం వచ్చినప్పుడు పెద్ద పొయ్యి వెలిగిస్తాం, తప్పులేదు. చుట్టం వెళ్ళిపోయాక కూడా ఆ పొయ్యి రాత్రింబవళ్ళు మండుతూనే వుంటే గిన్నె మాడిపోతుంది. ఇదీ అంతే.

శరీరం మీద ఒత్తిడి ప్రభావాన్ని గురించి 1936లో కెనడాలోని మాంట్రియల్ నగరం నుంచి హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు రాశాడు. ‘స్ట్రెస్’ అన్న మాట ఇవాళ మన పిల్లల నోట కూడా వినబడుతోందంటే అందులో ఆయన పాత్ర చాలా వుంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్ళవాతంతో మంచం దిగలేని 29 ఏళ్ళ స్త్రీకి కార్టిసాల్‌కు దగ్గర చుట్టమైన కార్టిసోన్ ఇంజక్షను ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది! ఈ గ్రంథుల హార్మోన్లమీద చేసిన పరిశోధనకే హెంచ్‌కీ, కెండల్‌కీ, రైఖ్‌స్టైన్‌కీ 1950లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ మందుల మంచీ చెడ్డా తర్వాత చెప్తాను. అది మన ఇళ్ళకి చాలా ముఖ్యమైన విషయం.

మరి రక్తం వుండగా లాలాజలం ఎందుకు అంటారేమో. మొదటి కారణం మీరే చెప్పగలరు. సూది చూస్తేనే సగంమందికి గుండె దడ. ఒత్తిడిని కొలవడానికి వచ్చి సూదితో కొత్త ఒత్తిడి పెడితే లెక్క ఎలా కుదురుతుంది? రెండో కారణం ఇంకా పెద్దది. రక్తంలో వున్న కార్టిసాల్‌లో నూటికి తొంభై పాళ్ళు, అంతకన్నా ఎక్కువే, మాంసకృత్తులకు అతుక్కుని తిరుగుతూ వుంటుంది. ఆ అతుక్కున్నది పని చెయ్యదు. విడిగా వున్న కొద్ది భాగమే పనిచేస్తుంది. ఆ విడి భాగమే లాలాజలంలోకి దిగుతుంది. గర్భిణీ స్త్రీలలోనూ, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోనూ ఆ మాంసకృత్తులు పెరుగుతాయి కనక రక్తంలో లెక్క పెద్దదిగా కనబడి తికమక పెడుతుంది. అలాంటప్పుడు నోటి తడే మేలు. మూడోది, ఇందుకు ఆస్పత్రికి పోనక్కర్లేదు. ఎవరింట్లో వాళ్ళు, వంటింట్లో పని చేసుకుంటూ కూడా ఇవ్వవచ్చు.

ఇచ్చే పద్ధతి కూడా తేలికే. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో దూదిచుట్ట ఒకటి వుంటుంది. దాన్ని నోట్లో పెట్టుకుని ఒకటి రెండు నిముషాలు మెల్లగా నమిలి, తిరిగి గొట్టంలో పెట్టి మూత బిగించాలి. లేదా నోట్లో ఊరిన నీటిని నేరుగా గొట్టంలోకి వదలాలి. దానిమీద తేదీ, గంట, నిముషం రాయాలి. ఫ్రీజరులో పెట్టాలి. తర్వాత ప్రయోగశాలలో కార్టిసాల్‌నే పట్టుకునే ప్రతిరక్షకాల సాయంతో కొలుస్తారు. నెల తప్పినప్పుడు ఇంట్లో చేసుకునే స్ట్రిప్ పరీక్ష వుంది చూశారా, దాని వెనక వున్న సూత్రం కూడా ఇలాంటిదే. పొద్దున పూట తీసిన లాలాజలం ఒక లీటరు వుందనుకుంటే అందులో వుండే కార్టిసాల్ గ్రాములో పది లక్షల వంతులు ఓ నాలుగైదు మాత్రమే. అంత సూక్ష్మమైన కొలత.

అందుకే జాగ్రత్తలూ ఎక్కువే. అరగంట ముందునుంచి ఏమీ తినకూడదు, టీ కాఫీలు తాగకూడదు, పళ్ళు తోముకోకూడదు. చిగుళ్ళనుంచి నెత్తురు కలిస్తే లెక్క తప్పుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు పనికిరావు. దగ్గుకి చప్పరించే అతిమధురం కూడా లెక్కని పెంచేస్తుంది. ఒంటికి స్టెరాయిడ్ క్రీము రాసుకుని అదే చేత్తో దూదిని ముట్టుకున్నారంటే ఆ గొట్టం పారెయ్యవలసిందే.

అన్నింటికన్నా ముఖ్యం వేళ. కార్టిసాల్ మన ఇల్లాలి దినచర్యలాగే నడుస్తుంది. తెల్లవారుతూనే లేస్తుంది, మనం కళ్ళు తెరిచాక అరగంట, ముప్పావుగంటలో బాగా పెరుగుతుంది, తర్వాత పొద్దెక్కినకొద్దీ తగ్గుతూ అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. పొద్దున్న ఎక్కువ, రాత్రి తక్కువ వుండడం ఆరోగ్యం. అందుకని లేవగానే ఒకటి, అరగంటకి ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి, ఇలా రెండు మూడు రోజులు తీస్తారు. ఒక్కసారి తీసిన ఒక్క అంకె వల్ల ఏమీ తేలదు. కొన్ని పరిశోధనల్లో గొట్టాలు పెట్టిన సీసా ఎప్పుడు తెరిచారో దానంతటదే గుర్తుపెట్టుకునే మూతలు వాడి చూశారు. 2003లో అచ్చయిన అలాంటి పరిశోధనలో, చెప్పిన వేళకి తియ్యనివాళ్ళ లెక్కలు తప్పుగా వచ్చాయని బయటపడింది. పాపం, లేవగానే పాలవాడు, కుళాయి నీళ్ళు, పిల్లల టిఫిన్ డబ్బా! గొట్టం గుర్తుకొచ్చేసరికి గంట దాటుతుంది. మనలాంటివాళ్ళకి ఇది తెలిసిన కష్టమే.

ఇక ఈ పరీక్షతో ఏం తెలుసుకున్నారో చూద్దాం. మనకి దగ్గరలోనే, మైసూరులో హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆస్పత్రి వుంది. 1997, 98 సంవత్సరాలలో అక్కడ పుట్టిన పిల్లల్ని శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. ఆ పిల్లలు పదమూడు, పద్నాలుగేళ్ళవాళ్ళయ్యాక వాళ్ళలో కొంతమందిని పెద్దల ముందు నిలబెట్టి ఉపన్యాసం చెప్పమన్నారు, నోటి లెక్కలు చెయ్యమన్నారు. ముందూ వెనకా కొన్నిసార్లు లాలాజలం తీశారు. ఇది 1993లో జర్మనీలోని ట్రియర్ నగరంలో రూపొందించిన పద్ధతి. నలుగురూ చూస్తుండగా మాట్లాడమంటే చాలు, మన పిల్లలకీ కార్టిసాల్ పెరిగింది. దాంతోపాటు ఇంకో సంగతి తెలిసింది. కడుపుతో వున్నప్పుడు తల్లికి మధుమేహం వచ్చిన పిల్లలలో, ఆ ఒత్తిడి వేళ గుండె, రక్తపోటు స్పందించడం మిగతా పిల్లలకన్నా ఎక్కువగా కనిపించింది. కడుపుతో వున్న కోడలికి చక్కెర పరీక్ష చేయిద్దామంటే ‘మా రోజుల్లో ఇవన్నీ వున్నాయా’ అనే అత్తగార్లు ఈ మాట వినాలి. ఆ పరీక్ష తల్లికోసమే కాదు, పదేళ్ళు దాటాక బడిలో నిలబడి మాట్లాడబోయే మనవడికోసం కూడా.

ఇప్పుడు హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్ళే రోడ్డు గుర్తు తెచ్చుకోండి. జనగామ దాటాక, స్టేషన్ ఘన్‌పూర్ రాకముందు రఘునాథపల్లి వస్తుంది. రైలు స్టేషను కూడా వుంది. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, అప్పటినుంచి జనగామ జిల్లా. బస్సు కిటికీలోంచి చూస్తే పత్తిచేలు, వరిమళ్ళు కనిపిస్తాయి. మీలో చాలామందికి పుట్టిల్లో, అత్తిల్లో ఆ చుట్టుపక్కల వుండే వుంటుంది. 1997, 98లలో పత్తిపంటకు పురుగు తగిలి, అప్పులు తీరక, వరంగల్ జిల్లా రైతులు ఎంతమంది పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారో మీకు గుర్తుండే వుంటుంది. ఆ ఇళ్ళల్లో మిగిలిన ఆడవాళ్ళ మనసు ఏ గొట్టంలో పట్టి కొలవగలం?

అయినా, కొలిచినవాళ్ళు వున్నారు. మన దగ్గర కాదు, ఆఫ్రికాలోని కెన్యాలో. అక్కడి పేద రైతులు కూడా ఆకాశం వంక చూసి బతికేవాళ్ళే. వానలు తక్కువైనప్పుడు వాళ్ళ లాలాజలంలో కార్టిసాల్ పెరిగిందని 2013లో ఒక పరిశోధన చెప్పింది. సేద్యం చెయ్యనివాళ్ళలో ఆ పెరుగుదల కనిపించలేదు. కేవలం సేద్యమే ఆధారంగా వున్న కుటుంబాలలో మరీ ఎక్కువ. అంటే మొగులు మొహం చాటేస్తే రైతు గుండెల్లో రాయి పడుతుందన్నది కవిత్వం మాత్రమే కాదు, నోటి తడిలో కనబడే నిజం. రఘునాథపల్లిలో కూడా ఇంట్లో ఇంకో ఆదాయం, రెండు పాడిగేదెలో, కుట్టుమిషనో వుంటే చాలు, అప్పులవాడు గడపలో నిలబడ్డప్పుడు ఆ ఇల్లాలి కాళ్ళకింద భూమి మొత్తం కదిలిపోదు.

అదే కెన్యాలో ఇంకో పరిశోధన జరిగింది. పేద కుటుంబాలకు ఏ షరతూ లేకుండా డబ్బు ఇచ్చి చూశారు. 2016లో అచ్చయింది. మొత్తంమీద చూస్తే కార్టిసాల్ తగ్గలేదు. కాని విడివిడిగా చూస్తే, డబ్బు భర్త చేతికి ఇచ్చిన ఇళ్ళకన్నా భార్య చేతికి ఇచ్చిన ఇళ్ళలో కార్టిసాల్ తక్కువగా వుంది. మెక్సికోలో కూడా తల్లుల చేతికి ప్రభుత్వం డబ్బు ఇచ్చే పథకం వుండేది. మనసు బాగా కుంగిపోయిన తల్లులున్న కుటుంబాలలో, ఆ పథకంలో చేరిన ఇళ్ళ చిన్నపిల్లలకి కార్టిసాల్ తక్కువగా వుందని 2009లో అచ్చయిన పరిశోధన చెబుతోంది. తల్లి చేతిలో నాలుగు రూపాయలు ఆడితే బిడ్డ నిశ్చింతగా నిద్రపోతుందని మన నాయనమ్మలు ఏ యంత్రం లేకుండానే చెప్పారు. అందుకే పోపుడబ్బాలో దాచుకున్నారు!

పల్లె మాట అయింది, పట్నం మాటకి వద్దాం. అమెరికాలోని లాస్ ఏంజిలస్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే 30 కుటుంబాలను పరిశీలించి 2011లో ఒక సంగతి బయటపెట్టారు. సాయంత్రం ఇల్లు చేరాక ఇంటిపని ఎవరు చేస్తున్నారు, విశ్రాంతి ఎవరు తీసుకుంటున్నారు, ఎవరి కార్టిసాల్ ఎలా దిగుతోంది అని చూశారు. భర్త ఇంటిపనిలో ఎక్కువసేపు పాలుపంచుకున్న ఇళ్ళలో భార్య కార్టిసాల్ సాయంత్రానికి హాయిగా దిగింది. భర్తలకి ఎప్పుడు బాగా దిగిందో తెలుసా? తాము ఎక్కువ విశ్రాంతి తీసుకుని, భార్య తక్కువ విశ్రాంతి తీసుకున్నప్పుడు! నవ్వుతున్నారా? ముప్ఫై కుటుంబాలే కదా అని మగవాళ్ళు అంటారు. నిజమే, చిన్న పరిశోధన, పరాయి దేశం. కాని మీ ఇంట్లో సాయంత్రం ఆరు గంటలకి ఎవరు ఎక్కడ కూచుని వుంటారో చూసుకోండి. కూర తరిగి ఇవ్వమని, పిల్లవాడిచేత ఎక్కాలు చెప్పించమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఇంతవరకు విని ‘అయితే మనమూ ఈ పరీక్ష చేయించుకుంటే సరి’ అనుకోకండి. పరిశోధనలో వందలమంది లెక్కల్ని కలిపి చూస్తారు. ఒక మనిషికి ఒకరోజు తీసిన అంకెను పట్టుకుని ‘మీకు ఒత్తిడి ఇంత’ అని ఎవరూ చెప్పలేరు. రాత్రి నిద్ర లేకపోయినా, జ్వరం వచ్చినా, రాత్రి డ్యూటీలు చేసినా, ఎక్కువ నడిచినా అంకె మారుతుంది. ఏళ్ళతరబడి బాధపడ్డవాళ్ళలో కొందరికి కార్టిసాల్ పెరగడానికి బదులు, పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ అనే తేడాయే చదునైపోతుంది. అంకె తక్కువగా వుంది కనక ఆమెకి కష్టం లేదంటే అది మళ్ళీ పాత తండుల దివ్యమే అవుతుంది. ‘రిపోర్టు మంచిగనే ఉన్నది, ఇంకేం రోగమమ్మా నీకు?’ అని కోడలిని దెప్పడానికి ఈ కాగితం పనికిరాకూడదు.

వైద్యంలో ఈ పరీక్షకి గట్టి ఉపయోగం ఒకటి వుంది. ముఖం చంద్రుడిలా గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, కాళ్ళు చేతులు సన్నబడి, ఒంటిమీద ఊదారంగు చారలు పడి, రక్తపోటూ చక్కెరా పెరిగితే కుషింగ్స్ అనే జబ్బేమోనని డాక్టరు అనుమానిస్తారు. అప్పుడు రాత్రి పదకొండు, పన్నెండు గంటల మధ్య లాలాజలం తీయిస్తారు, ఒక రాత్రి కాదు, కనీసం రెండు రాత్రులు. అట్టడుగున వుండవలసిన వేళ కూడా కార్టిసాల్ ఎక్కువగా వుంటే మిగతా పరీక్షలకి పంపిస్తారు. ఇది హార్మోన్ల డాక్టరు చెప్పినప్పుడు చేయించుకోవలసిన పరీక్షే గాని బజారులో ప్రకటన చూసి చేయించుకునేది కాదు. అలాగే కార్టిసాల్ తగ్గిస్తామంటూ అమ్మే పొడులకూ, మాత్రలకూ డబ్బు తగలెయ్యకండి.

ఇందాక చెప్తానన్న మందుల మాట ఇది. ఊళ్ళల్లో మోకాళ్ళ నొప్పులకీ, ఆయాసానికీ, ఒళ్ళు రావడానికీ చిన్న చిన్న తెల్లమాత్రలు ఇచ్చేవాళ్ళున్నారు. వాటిలో డెక్సామెథాసోన్, బెటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు వుండవచ్చు. రెండ్రోజుల్లో నొప్పి మాయమవుతుంది, ఆ డాక్టరు దేవుడవుతాడు. కాని బయటినుంచి స్టెరాయిడు వస్తోంది కదా అని లోపలి గ్రంథులు తమ పని మానేసి నిద్రపోతాయి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే శరీరంలో కార్టిసాల్ లేక రక్తపోటు పడిపోయి ప్రాణానికే ముప్పు వస్తుంది. అందుకని మీ అమ్మగారో అత్తగారో ఇలాంటి మాత్రలు వాడుతుంటే రెండు పనులు చెయ్యండి. ఆ మాత్రల పట్టీ డాక్టరుకి చూపించండి. ఆయన చెప్పేదాకా ఉన్నట్టుండి మానిపించకండి. మెల్లమెల్లగా తగ్గించాలి. డాక్టరు పరీక్షించి రాసిచ్చిన స్టెరాయిడు ఎందరికో ప్రాణం పోసే మందు, దానికి భయపడనక్కర్లేదు. భయమల్లా పేరు తెలియని మాత్రకే. ముఖం తెల్లబడుతుందని రాసుకునే క్రీముల్లోనూ ఇవే వుంటాయి, పేరు చదవండి.

రేపు ఎవరైనా పరిశోధన అంటూ మీ ఇంటికో, మీ ఊరికో వచ్చి ఉమ్మి ఇమ్మంటే ఏం చెయ్యాలి? ఇవ్వవచ్చు. అలాంటి స్త్రీలు ఇవ్వబట్టే ఇన్ని సంగతులు తెలిశాయి. కాని అడిగి ఇవ్వండి. ఇది దేనికి? ఎక్కడ దాస్తారు? నా పేరు బయటికి వస్తుందా? ఫలితం నాకు చెప్తారా? లాలాజలంలో కార్టిసాలే కాదు, మన వంశలక్షణాల చిట్టా కూడా వుంటుంది. దాన్ని కూడా చూస్తారా? భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమాల ప్రకారం మీకు అర్థమయ్యే భాషలో చెప్పి, మీ సమ్మతి తీసుకోవాలి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకునే హక్కు మీది. వేలిముద్ర వెయ్యమన్నంత మాత్రాన వెయ్యనక్కర్లేదు.

చివరిగా ఒక్కమాట. ఒత్తిడి వుందో లేదో తెలియడానికి చాలాసార్లు ఏ గొట్టమూ అక్కర్లేదు. రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదా? దేనిమీదా మనసు పోవడం లేదా? పిల్లలమీద ఊరికే చెయ్యి లేస్తోందా? బతకాలనిపించడం లేదా? ఇవి అడిగితే చాలు. మీకైనా, మీ యారాలికైనా, పల్లెలో పత్తి ఎండిపోయి కూచున్న మీ వదినకైనా ఇలా వుంటే ‘నరాల బలహీనత’ అని కొట్టిపారెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ వుంది. 14416కి ఫోను చేస్తే పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే, రాత్రయినా పగలయినా మాట్లాడతారు. ఆ నెంబరు ఇవాళే క్యాలెండరు మీద పాలలెక్క పక్కన రాసిపెట్టండి. మీకు అవసరం పడకపోవచ్చు. పక్కింటావిడకి పడవచ్చు.